గర్భంలోని బిడ్డకు ఆక్సిజన్ అందుతోందా? వెలుగును అడిగి చూద్దాం



కాన్పు గది బయట కూర్చున్నవాళ్లకు ఒక మాట బాగా తెలుసు: “బిడ్డ గుండె వేగం తగ్గుతోంది, వెంటనే ఆపరేషన్ చేయాలి.” ఆ మాట విన్నాక సంతకం పెట్టని తండ్రి ఉండడు. చాలాసార్లు బిడ్డ కేర్‌మంటూ నిక్షేపంగా బయటికి వస్తుంది. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు “అసలు ఆపరేషన్ అవసరమేనా?” అని గొణుక్కుంటారు. తప్పు డాక్టరుదే అనుకోనక్కర్లేదు. తెలుసుకోవలసింది ఒకటి, కొలవగలుగుతున్నది మరొకటి. చిక్కంతా అక్కడే ఉంది.

తెలుసుకోవలసింది బిడ్డ రక్తంలోని ఆక్సిజన్. నొప్పి వచ్చినప్పుడల్లా గర్భసంచి బిగుసుకుని మాయకు చేరే రక్తం కాసేపు తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ దీన్ని తట్టుకుంటుంది. ఆక్సిజన్ చాలాసేపు అందకపోతే మెదడు దెబ్బతింటుంది. కానీ ఆసుపత్రిలోని సీటీజీ యంత్రం చూపించేది బిడ్డ గుండె వేగాన్ని, తల్లి నొప్పులను మాత్రమే. గుండె వేగం మామూలుగా నిమిషానికి 110 నుంచి 160. తల్లికి జ్వరం వచ్చినా, కొన్ని మందులు వాడినా అది మారుతుంది. అందుకే సీటీజీ వల్ల పుట్టిన బిడ్డల్లో ఫిట్స్ తగ్గినా, సిజేరియన్లు మాత్రం పెరిగాయని పరిశోధనలు తేల్చాయి.

మా తరగతిలో పిల్లల చేత ఒక చిన్న ప్రయోగం చేయిస్తాను. చీకటి గదిలో టార్చిలైటును వేలికి ఆనించి పెడితే వేలు ఎర్రగా వెలుగుతుంది. అంటే ఎరుపు కాంతి మన కండలోంచి దూరి వస్తోందన్నమాట. ఎరుపును దాటి, కంటికి కనపడని సమీప పరారుణ కాంతి ఇంకా లోతుకు వెళ్తుంది. ఆక్సిజన్ నిండిన రక్తం, ఆక్సిజన్ తగ్గిన రక్తం ఈ కాంతులను వేర్వేరు పాళ్లలో పీల్చుకుంటాయి. ఈ సూత్రం మీదే 1974లో జపాన్ ఇంజనీరు తకువో అవొయాగి పల్స్ ఆక్సిమీటరుకు దారి వేశారు. కరోనా రోజుల్లో మనందరం వేలికి తగిలించుకున్నది దాన్నే.

ఇదే వెలుగును తల్లి పొట్ట మీది నుంచి పంపి బిడ్డ ఆక్సిజన్ కొలవాలని అమెరికాలో పరిశోధకులు కృషి చేస్తున్నారు. గొర్రెల మీద ప్రయోగాలు జరిగాయి. అయితే లోతుకు వెళ్లి తిరిగొచ్చే కాంతి చాలా స్వల్పం. అందులోనూ తల్లి రక్తం జాడే ఎక్కువ. తల్లి నాడి, బిడ్డ నాడి వేగాల్లో ఉన్న తేడాను పట్టుకుని రెండింటినీ విడదీయాలి. జాతర హోరులో మన బిడ్డ గొంతు గుర్తుపట్టడం లాంటి పని ఇది.

తొందరపడకూడదని చరిత్ర కూడా చెబుతోంది. నొప్పుల సమయంలో లోపలి నుంచి బిడ్డ చెంపకు ఆనించే ఒక పరికరానికి 2000లో అమెరికాలో అనుమతి దొరికింది. 2006లో వెలువడిన అధ్యయనంలో 5,000 మందికి పైగా తల్లులను పరిశీలిస్తే, సిజేరియన్లు తగ్గలేదు. పరికరం మార్కెట్ నుంచి వెళ్లిపోయింది. వేలి ఆక్సిమీటర్లు నల్లని చర్మం గలవారిలో ఆక్సిజన్ లోటును ఎక్కువసార్లు కనిపెట్టలేకపోతున్నాయని 2020లో మరో అధ్యయనం చూపింది. కాబట్టి కొత్త పరికరం మన తల్లుల చామనఛాయ మీద కూడా పరీక్షకు నిలవాలి.

అంతవరకు మనం చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. బిడ్డ గుండె చప్పుడు వినిపించే చిన్న డాప్లర్, నొప్పులు ముదిరాక కనీసం అరగంటకోసారి, బిడ్డ బయటికి వచ్చే దశలో అయిదు నిమిషాలకోసారి వినే ఓపికగల నర్సు, పుట్టగానే ఊపిరి తీసుకోని బిడ్డకు మొదటి నిమిషంలోనే గాలి అందించే బ్యాగు, మాస్కు, వాటిని వాడే శిక్షణ. ఇవి ఈ రోజే ప్రాణాలు నిలుపుతాయి. రేపటి యంత్రాన్ని ఆశతో గమనిద్దాం. నేటి రూపాయిని మాత్రం నేడు పనికొచ్చే చోట పెడదాం.