శూన్యమా, అభావమా? – వెబ్ సర్వీస్ పాలసీలో నల్ పాయింటర్ దోషం: ఒక వివేచన

కీలకపదాలు: నల్ పాయింటర్, వెబ్ సర్వీస్ పాలసీ, అభావం, ప్రతియోగి, అన్నంభట్టు.

1. ఉపోద్ఘాతం

చేపలు లభించే ప్రాంతాల సూచనలను హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ తీరప్రాంత మత్స్యకారులకు తెలుగులోనూ అందిస్తోంది. నెల్లూరు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట నిషేధం అమలులో ఉన్నప్పుడు సూచన ఉండదు. వేటకాలంలో వెలువడిన సూచన ఫోనుకు చేరకపోయినా మత్స్యకారునికి సూచన ఉండదు. మొదటిది నిర్ణయం; రెండవది లోపం. ఈ భేదమే నల్ పాయింటర్ దోష పరిశీలనకు ఆధారం.

2. మూడు స్థితులు

1965లో ఆల్గాల్ డబ్ల్యు భాషలో నల్ సూచికను ప్రవేశపెట్టిన టోనీ హోర్, 2009లో దానిని వంద కోట్ల డాలర్ల పొరపాటుగా పేర్కొన్నారు. 2007లో ప్రమాణంగా వెలువడిన వెబ్ సర్వీసెస్ పాలసీ 1.5ను అనుసరించి చూస్తే మూడు స్థితులు కనిపిస్తాయి. నిబంధనలు లేని ప్రత్యామ్నాయం గల పాలసీ ఏ షరతూ విధించదు. ప్రత్యామ్నాయమే లేని పాలసీ దేనినీ అనుమతించదు. నల్ అంటే అసలు పాలసీయే లేదు. మొదటి రెండూ శూన్యాలు; మూడవది అభావం.

3. అభావ భేదాలు – దోష కారణాలు

తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో చెప్పిన నాలుగు అభావాలు దోషాన్వేషణకు క్రమాన్నిస్తాయి.

ప్రాగభావం: పాలసీ ఫైలును చదవకముందే ప్రోగ్రాం దానిని కోరడం.

ప్రధ్వంసాభావం: తొలగించిన పాలసీని తిరిగి వెతకడం.

అత్యంతాభావం: డబ్ల్యుఎస్‌డిఎల్‌లోని పాలసీ రెఫరెన్స్ పేర్కొన్న గుర్తింపు ఎక్కడా లేకపోవడం.

అన్యోన్యాభావం: 2004 నాటి నేమ్‌స్పేస్‌తో రాసిన పాలసీని, 2007 నాటి నేమ్‌స్పేస్ మాత్రమే తెలిసిన ప్రోగ్రాం పాలసీగా గుర్తించకపోవడం.

అభావం ఎప్పుడూ ఒకదాని అభావమే; లేనిదానిని తార్కికులు ప్రతియోగి అన్నారు. పూర్వపు జావా దోషసందేశం పంక్తి సంఖ్యను చూపేదే గాని, ఏది నల్ అయిందో చెప్పేది కాదు. 2020లో వచ్చిన జావా 14 ఆ పేరును తెలిపే సదుపాయాన్ని కల్పించింది. అంటే ప్రతియోగిని నిర్దేశించింది.

4. పరిష్కారం

నల్ ఎదురైనచోట ఖాళీ పాలసీని ఉంచితే దోషసందేశం ఆగిపోతుంది. కాని షరతులు లేని పాలసీ సంతకం లేని అభ్యర్థననూ అడ్డుకోదు. కనబడే దోషం పోయి కనబడని భద్రతాలోపం మిగులుతుంది. కనుక పాలసీ తప్పనిసరి అయినచోట అది లేకుంటే అభ్యర్థనను నిరాకరించి, ఏ పాలసీ లేదో నమోదు చేయాలి. ఐచ్ఛికమైనచోట మాత్రమే ఖాళీ పాలసీ తగినది.

5. ముగింపు

నల్ పాయింటర్‌ను 'శూన్య సూచిక' అనడం కంటే 'అభావ సూచిక' అనడం అర్థానికి దగ్గర. శూన్యానికి విలువ ఉంది. అభావానికి కారణం వెతకాలి. సాంకేతిక పదకల్పనలో ఈ వివేకం పాటిస్తే పదమే పరిష్కారానికి దారి చూపుతుంది.