బ్లడ్ క్యాన్సర్ రోగులకు జ్వరం వస్తే – మందులకు లొంగని న్యుమోనియా

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు విద్యార్థులు వినే ఉంటారు. అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా ఉన్న పిల్లలకు ఇచ్చారు. కొందరిలో జబ్బు తాత్కాలికంగా తగ్గినట్లు 1948లో ప్రకటించారు. దాని వెనుకే వచ్చిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. అదే లెడర్లేలో, సుబ్బారావు గారి ఆధ్వర్యంలోనే, టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా 1948లో వెలుగు చూసింది. ఒకటి క్యాన్సర్ మందు, రెండవది క్రిములను అణచే మందు. రెండవదాని అండ లేనిదే మొదటిది నేటికీ రోగిని గట్టెక్కించలేదు.

కారణం చెబుతాను. క్రిములతో ముందుగా పోరాడేవి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు. ఆరోగ్యవంతుల్లో ఇవి మైక్రోలీటరు రక్తానికి సాధారణంగా 1500కు పైన ఉంటాయి. కీమోథెరపీ తర్వాత 500 లోపుకు, ఒక్కోసారి 100 లోపుకు పడిపోతాయి. లుకేమియాలో రిపోర్టులో తెల్లకణాలు లక్ష కనిపించినా ధైర్యపడటానికి లేదు. అందులో ఎక్కువ భాగం ఎదగని కణాలే. చెల్లని నోట్ల కట్టలు లెక్కపెట్టినట్లే!

ఇలాంటి రోగికి న్యుమోనియా వస్తే మామూలు గుర్తులు కనిపించకపోవచ్చు. చీము అనేది చాలావరకు చనిపోయిన న్యూట్రోఫిల్సే కనుక, అవి లేనిచోట కఫం అంతగా రాకపోవచ్చు. ఎక్స్‌రేలో కూడా ఊపిరితిత్తులు మొదట్లో శుభ్రంగా కనిపించవచ్చు. అందుకే వైద్యులు సీటీ స్కాన్ అడుగుతారు. ఇంట్లోవాళ్లకు తెలిసే గుర్తు చాలాసార్లు జ్వరం ఒక్కటే. ఒక్కసారి 101 డిగ్రీలు తగిలినా, 100.4 డిగ్రీలు గంటసేపు నిలిచినా అర్ధరాత్రి అని చూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి. చేరిన గంటలోపు మొదటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పడాలన్నది వైద్యుల నియమం. పారాసెటమాల్ వేసి తెల్లవారేదాకా చూద్దామనుకుంటే జ్వరం అణుగుతుంది, క్రిమి అణగదు.

క్రిముల లెక్క చక్రవడ్డీ లెక్క. అన్నీ అనుకూలిస్తే ఒక బ్యాక్టీరియా 20 నిమిషాలకు రెట్టింపవుతుంది. అంటే 10 గంటల్లో 30 రెట్టింపులు, ఒకటి కాస్తా 107 కోట్లు. శరీరంలో ఇంత సాఫీగా సాగదు గాని, ఆలస్యం ఖరీదు తెలియడానికి ఈ లెక్క చాలు.

అసలు చిక్కు, ఆ మొదటి ఇంజెక్షన్‌కే క్రిమి లొంగకపోవడం. క్లెబ్సియెల్లా, సూడోమోనాస్, అసినెటోబ్యాక్టర్ అనేవి ఇందులో పేరుమోసినవి. వీటిలో క్లెబ్సియెల్లా లాంటివి చాలాసార్లు రోగి పేగుల్లోనే ముందునుంచి కాపురముంటాయి. కొన్ని మందును ముక్కలు చేసే ఎంజైమును తయారుచేస్తాయి. పైగా ఆ విద్యను నేర్పే జన్యువును పక్క క్రిములకు కూడా అందిస్తాయి. అలాంటి ఎన్‌డీఎం–1 జన్యువును, భారతదేశంలో చికిత్స పొంది స్వీడన్ తిరిగి వెళ్లిన రోగిలో గుర్తించినట్లు 2009లో ప్రచురించారు. 2010లో చెన్నై, హర్యానాల్లోని రోగుల్లోనూ ఉన్నట్లు తేలింది. పేరులో ఢిల్లీ ఉందని అప్పట్లో పెద్ద రభస జరిగింది. ఆ రభసలో అసలు విషయం మరుగున పడిందని నా అభిప్రాయం. మెరోపెనెం వంటి పెద్ద మందులు పనిచేయనప్పుడు మూత్రపిండాలకు హాని చేసే కొలిస్టిన్‌ను, లేదా ఖరీదైన కొత్త మందులను ఆశ్రయించాలి. ఈలోగా తర్వాతి కీమో వాయిదా పడుతుంది, క్యాన్సర్‌కు వ్యవధి దొరుకుతుంది.

మన ఇళ్లలో జలుబుకు కూడా సెఫిక్సిమ్ కొని వేసుకుంటాం. జలుబు వైరస్ వల్ల వచ్చేది, దానికి ఈ మందు పనిచేయదు. నష్టం మాత్రం పేగుల్లోని క్రిములు మందుకు అలవాటు పడటంతో మొదలవుతుంది. సెఫిక్సిమ్, మెరోపెనెం సహా 46 మందులు 2014 మార్చి 1 నుంచి హెచ్–1 షెడ్యూలులోకి వచ్చాయి. చీటీ లేనిదే అమ్మకూడదు. డాక్టరు పేరు, రోగి పేరు, మందు పరిమాణం దుకాణదారు రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. నిబంధన బాగుంది. ఆ రిజిస్టరు అడిగి చూసేవారే అరుదు.

బెంగళూరులో 1973లో ఏర్పడిన కిద్వాయి ఆసుపత్రికి అనంతపురం, చిత్తూరు వైపు నుంచి మనవాళ్లు వస్తుంటారు. కీమో అయ్యాక ఊరికి వెళ్తారు. కణాలు బాగా పడిపోయేది తరచుగా ఆ తర్వాతి ఒకటి రెండు వారాల్లోనే. అనంతపురం నుంచి బెంగళూరుకు 200 కిలోమీటర్ల పైమాటే. గంటలోపు అన్న నియమం అక్కడే దెబ్బతింటుంది. కనుక డిశ్చార్జి రోజునే, జ్వరమొస్తే మా ఊరికి దగ్గరలో ఎక్కడికి వెళ్లాలి, ఏ మందు మొదలుపెట్టాలి అని డాక్టరుగారిని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితంతో పాటు గత మూడు నెలల్లో వాడిన యాంటీబయాటిక్కుల పేర్లు, పాత కల్చర్ రిపోర్టులు ఒకే ఫైలులో ఉంచండి. కొత్త కల్చర్ ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అంతవరకు డాక్టరు ఆ పాత రిపోర్టు చూసే మందు ఎంచుకుంటారు. అందులో మందు పేరు పక్కన ‘ఎస్’ ఉంటే క్రిమి లొంగుతుందని, ‘ఆర్’ ఉంటే లొంగదని అర్థం.