చలిజ్వరానికి నేలవేము చాలునా? పరీక్షల్లో తేలింది ఇదీ!

శాంతిపురం: గడగడలాడించే చలి, వెనకాలే కాలిపోయే ఒళ్లు, ఆఖరున తడిసిపోయేంత చెమట. ఇలాంటి జ్వరం ఇంట్లో ఎవరికైనా వస్తే మీరు ముందు ఏం చేస్తారు? శాంతిపురం, గుడుపల్లె, రామకుప్పం పల్లెల్లో ఈ మాట అడిగితే పెద్దవాళ్లు నేలవేము పేరే చెబుతారు. గట్టు మీద మొక్క పీక్కొచ్చి, నాలుగు మిరియాలు దంచి వేసి, గ్లాసు నీళ్లు అరగ్లాసయ్యేదాకా కాచి తాగించడమే. పొలిమేర దాటి తమిళనాడులోకి పోతే దీన్నే నిలవేంబు అంటారు.

నా చిన్నప్పుడు మా అవ్వ కూడా ముక్కు పట్టుకుని ఈ కషాయం పోసేది. మూడో రోజుకు జ్వరం దిగేది. అయితే అది మలేరియానో, మామూలు జ్వరమో ఎవరు చూశారు? చాలా జ్వరాలు మందు వేసినా వేయకున్నా వాటంతటవే పోతాయి. పేరు మాత్రం కషాయానికి దక్కుతుంది. శాస్త్రవేత్తలు ఈ మొక్కల్ని పరీక్షకు పెట్టింది ఈ చిక్కు విప్పడానికే.

మలేరియా క్రిమిని దోమ మోసుకొస్తుందని 1897లో రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే. క్రిమి మన నెత్తురులోని ఎర్ర కణాల్లో కాపురం పెడుతుంది. కాబట్టి మందు పనిచేసిందా లేదా అని చూడాలంటే ఒళ్లు చల్లబడిందా అని చెయ్యి పెట్టి చూస్తే చాలదు, నెత్తురులో క్రిమి పోయిందా అని చూడాలి. మొదట మొక్క ఏదో వృక్షశాస్త్రం తెలిసినవాళ్లు గుర్తించాలి. తర్వాత దాని సారం తీసి, గాజు పాత్రలో పెంచిన క్రిముల మీద వేస్తారు. అక్కడ నెగ్గితే ఎలుకల మీద, విషం కాదని తేలితే మనుషుల మీద. గాజు పాత్రలో క్రిమిని చంపి, ఎలుక దగ్గరకొచ్చేసరికి చతికిలపడేవే ఎక్కువ.

ఏడాకులపాల చెట్టు సంగతి చూడండి. దీని బెరడు చలిజ్వరానికి మందని దేశమంతా నమ్మకం. తెల్లదొరలు సైతం తమ మందుల పుస్తకంలో ఎక్కించుకున్నారు. 1990లో చండీగఢ్ పరిశోధకులు ఈ బెరడు సారాన్ని మలేరియా సోకిన ఎలుకలకు ఇచ్చి చూశారు. నెత్తురులో క్రిములు తగ్గలేదు. కానీ ఎలుకలు కాస్త తేరుకున్నాయి, చావు కొన్నాళ్లు వెనక్కి జరిగింది. మన పెద్దలు అబద్ధం చెప్పలేదని నాకు ఇక్కడే అనిపించింది. రోగి తేరుకోవడం వాళ్లు కళ్లతో చూసే ఉంటారు. లోపల క్రిమి అలాగే ఉండటం చూడటానికి వాళ్ల దగ్గర సూక్ష్మదర్శిని లేదు మరి.

ఇదే బెరడుకు కటుకరోహిణి, చిరాయత, గచ్చకాయ గింజ కలిపి కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలి ‘ఆయుష్-64’ అనే మాత్ర తయారుచేసింది. గచ్చకాయ అంటే మన ఆడపిల్లలు ఆడుకునేదే. వైవాక్స్ రకం మలేరియా ఉన్నవాళ్లలో కొందరికి ఈ మాత్ర, కొందరికి క్లోరోక్విన్ ఇచ్చి చూసిన ఫలితాలు 2000లో అచ్చయ్యాయి. 28 రోజులు గమనించగా క్లోరోక్విన్ వాడినవాళ్లందరికీ నయమైంది. ఆయుష్-64 వాడినవాళ్లలో సుమారు సగం మందికే నయమైంది. సగం అంటే తక్కువేం కాదు అనేవాళ్లున్నారు. మిగిలిన సగంలో మన బిడ్డ ఉంటే?

ఇక నేలవేము. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థవాళ్లు దీని సారాన్ని ఎలుక జాతి జంతువుల మీద పరీక్షించి 1992లో ఫలితాలు ప్రకటించారు. క్రిములు తగ్గాయి. అంటే మొక్కలో ఏదో సత్తువ ఉంది. కానీ వాళ్లు ఇచ్చింది లెక్క ప్రకారం తీసిన సారం, మనం కాచుకునేది చేతికొచ్చినంత ఆకు. పేరులోనూ తిరకాసుంది. మన ఆయుర్వేద పుస్తకాల్లో హిమాలయాల్లో పెరిగే చిరాయతను కూడా నేలవేమనే రాస్తారు. రెండూ చేదే, మొక్కలు మాత్రం వేరు.

చెట్టు నుంచి అసలైన మందు రాలేదా అంటే, వచ్చింది. సింకోనా బెరడు నుంచి క్వినైన్ వేరుచేసింది 1820లో. ఆ తర్వాత చైనాలో 1967లో మొదలైన పనిలో తూ యూయూ అనే శాస్త్రవేత్త బృందం పాత వైద్య గ్రంథాలు తిరగేసి రెండు వేలకు పైగా మందుల వివరాలు పోగేసింది. 380కి పైగా సారాలు ఎలుకల మీద చూసింది. చింగ్‌హావో అనే మొక్క ఒకసారి పనిచేస్తే ఇంకోసారి మొండికేసింది. దాదాపు పదహారు వందల ఏళ్ల నాటి పుస్తకంలో, ఆకును నీళ్లలో నానబెట్టి పిండి రసం తాగమని ఉంది. కాచమని లేదు! వేడికి మందు చెడిపోతోందని ఆమెకు తట్టింది. తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీస్తే 1971 అక్టోబరులో ఎలుకల్లో క్రిములన్నీ పోయాయి. 1972లో ఆ సారాన్ని ముందు తానే తాగి చూసింది. అదే ఆర్టిమిసినిన్. 2015లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇది విని వినాయక చవితి పత్రిలోని మాచిపత్రి నానబెట్టుకునేరు! అది ఆ కుటుంబపుదే గానీ ఆ మొక్క కాదు. అసలు మొక్క ఆకును టీలా కాచి మలేరియాకు తాగడాన్ని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకోదు. ఒక్కో ఆకులో మందు ఒక్కో మోతాదులో ఉంటుంది. అరకొర మోతాదు పడితే క్రిమి చావదు, మొండిదవుతుంది. పురుగుమందు పలచగా కొడితే పురుగు అలవాటు పడటం మీకు తెలియనిది కాదు.

కాబట్టి చలిజ్వరం రాగానే, కషాయం తాగినా తాగకున్నా, అదే రోజు నెత్తురు పరీక్ష చేయించండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. ఆశా కార్యకర్త దగ్గర కిట్టు ఉంటే పావుగంట, ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది. ఫాల్సిపారం రకమైతే ఒకటి రెండు రోజుల ఆలస్యం కూడా ప్రాణం మీదికి తెస్తుంది. వైవాక్స్ అయితే మూడు రోజులు క్లోరోక్విన్, దాంతోపాటు కాలేయంలో దాక్కున్న క్రిమికి డాక్టరు చెప్పినట్టు పద్నాలుగు రోజులు ప్రిమాక్విన్ వాడాలి. జ్వరం దిగిందని మధ్యలో మానితే కొన్ని వారాలకో, నెలలకో మళ్లీ వస్తుంది. గర్భిణులకు ప్రిమాక్విన్ ఇవ్వకూడదు. నేలవేము కషాయం కూడా వాళ్లకు వద్దు.

చివరిగా పంట మాట. ఆర్టిమిసియాను ఉత్తరప్రదేశ్‌లో కంపెనీల ఒప్పందం మీద రైతులు వేశారు. 2005 ప్రాంతంలో ప్రపంచ మార్కెట్లో ఆర్టిమిసినిన్ ధర ఆకాశానికంటి, 2007కల్లా కుప్పకూలింది. నేలవేము మన నేలల్లో వస్తుంది, పూత దశలో కోసి నీడన ఆరబెట్టి అమ్ముతారు. వేయాలనుకుంటే ఎండు ఆకు ఎవరు కొంటారో, కిలో ఎంతకు కొంటారో కాగితం మీద రాయించుకున్నాకే నారు పోయండి. విత్తనం కొనేటప్పుడు ‘ఆండ్రోగ్రాఫిస్ పానిక్యులేటా’ అన్న పేరు ఉందో లేదో చూసుకోండి.