ఒక్క వేటు

జపాన్ భాషలో 'బుషిడో' అనగా యోధుని మార్గం. ఆ పేరుతోనే 1997లో స్క్వేర్ సంస్థ ప్లేస్టేషన్‌పై 'బుషిడో బ్లేడ్' అనే ఖడ్గయుద్ధ వీడియో గేమ్‌ను వెలువరించింది. ఇతర పోరాట క్రీడలలోవలె ఆటగాని మిగులు బలాన్ని చూపే పట్టీ గాని, కాలపరిమితి గాని ఇందులో లేవు. మర్మస్థానంపై తగిలిన ఒక్క వేటే ప్రాణాంతకం. కాలు దెబ్బతిన్న యోధుడు మోకాళ్లపైనే పోరు సాగించాలి. కథాక్రమంలో ప్రత్యర్థిని వెనుకనుండి కొట్టినవానికి విజయం దక్కదు. ధర్మం తప్పినందుకు ఆట అర్ధాంతరంగా ముగుస్తుంది.

క్షణాలలో ముగిసే పోరులో నేర్పుకు తావెక్కడిదని కొందరు ఆటగాళ్లు పెదవి విరిచారు. తొందరపడి కత్తి విసరక, ఎదిరి కదలికను కనిపెట్టి నిలిచే ఓర్పే అసలైన నేర్పని మరికొందరు మెచ్చుకొన్నారు. వేటుకు విలువ ఉన్నచోటనే సంయమనానికీ విలువ ఉంటుంది.