నడక: దేహమునకు, మనస్సునకు

పసిబిడ్డ తొలి అడుగులు వేసిన నాడు మన ఇండ్లలో పండుగ చేయుట ఆచారము. అడుగులకు అరిసెలు వండి, వానిపై బిడ్డచేత అడుగులు వేయించి, ఇరుగుపొరుగులకు పంచిపెట్టుదుము. మనుష్యుడు రెండు కాళ్లపై నిలిచి నడచుట ఎంత విశేషమో మన పెద్దలు ఎరుగుదురు. కాని ఆ బిడ్డయే పెరిగి పెద్దవాడై, ఉద్యోగములో కుదురుకొని, నలువది యేండ్లవాడగు నప్పటికి దినమునకు ఎన్ని అడుగులు వేయుచున్నాడో ఎవరును లెక్కింపరు. వీధి మలుపున నున్న అంగడికి పోవుటకు బండి, మేడమీదికి పోవుటకు లిఫ్టు, కచేరీలో ఒక కుర్చీ, ఇంటికి వచ్చిన పిదప మరియొక కుర్చీ. ఈ విధముగా నడక మన దినచర్యనుండి, మనకు తెలియకుండగనే, జారిపోయినది.

మన తాతల కాలమున నడకను వ్యాయామమని ఎవరును తలంపలేదు. చెరువునకు, పొలమునకు, సంతకు, బడికి, పొరుగూరి పెండ్లికి నడచియే పోయెడివారు. అది బ్రతుకులో కలిసియుండుటచేత దాని మేలును వేరుగా చెప్పుకొనవలసిన పని లేకపోయెను. పైగా ఊరక తిరుగువానిని ఎత్తిపొడుచుటకు “తిరిగే కాలు, తిట్టే నోరు ఊరకుండవు” అను సామెతయు పుట్టినది. నేడు తిరుగని కాలే మనకు చింత కలిగించుచున్నది. కనుక నడక వలన దేహమునకును, మనస్సునకును కలుగు మేలును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

మొదట ఒక బస్సు కథ. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన కొన్నేండ్లకు లండను నగరమున జెర్రీ మారిస్ అను వైద్యుడు, ఆయన సహచరులు గుండెజబ్బులను గూర్చి విచారింప పూనుకొనిరి. ఆ నగరపు బస్సులు రెండంతస్తులవి. డ్రైవరు తన పని కాలములో నూటికి తొంబది వంతులు కూర్చుండియే యుండును. అదే బస్సులో కండక్టరు టిక్కెట్ల కొరకు క్రిందికిని మీదికిని తిరుగుచు, దినమునకు 500 మొదలు 750 మెట్ల వరకు ఎక్కుచుండును. ఇరువురును ఒకే తరగతి కుటుంబములవారు, ఒకే సంస్థలో పనిచేయువారు. సుమారు 31 వేల మంది పురుషోద్యోగుల ఆరోగ్యమును పరిశీలించి, మారిస్ 1953లో “లాన్సెట్” అను వైద్యపత్రికలో తమ ఫలితములను ప్రకటించిరి. కండక్టర్లలో గుండెజబ్బు తక్కువ. వచ్చినను, డ్రైవర్లకంటె పెద్ద వయసున వచ్చినది. ఉన్నట్టుండి ప్రాణము తీయుటయు అరుదు.

ఇచ్చట ఒక న్యాయమైన సందేహము కలుగవచ్చును. స్థూలకాయులే డ్రైవరు పని కోరుకొనిరేమో? ఈ సందేహము మారిస్‌కే కలిగినది. ఆయన ఉద్యోగుల దుస్తుల కొలతలను తెప్పించి చూడగా, చిన్న వయసు డ్రైవర్ల నడుము కొలత కూడ కండక్టర్ల కొలతకంటె పెద్దదిగా కనబడెను. ఈ సంగతిని ఆయన దాచక, 1956లో స్వయముగా ప్రకటించిరి. అయినను, వీధులలో తిరిగి ఉత్తరములు పంచు తపాలా బంట్రోతులను, కూర్చుండి పనిచేయు గుమాస్తాలతో పోల్చినప్పుడు ఇటువంటి భేదమే కనబడినది. ఆ పిమ్మటి దశాబ్దములలో అనేక దేశములలో జరిగిన పరిశోధనలు కదలిక గుండెకు రక్ష యను మాటను బలపరచినవి. మారిస్ 1910లో జన్మించి, 2009లో తమ 99వ యేట కాలధర్మము నొందిరి.

నడకకు ఇంతటి శక్తి ఎట్లు కలిగినది? గుండెనుండి రక్తము పాదములకు దిగుట సుళువు, తిరిగి పైకెక్కుట కష్టము. ఈ పనిలో గుండెకు తోడుపడునవి మన పిక్కల కండరములు. అడుగు వేసినప్పుడెల్ల ఆ కండరములు బిగిసి, లోపలి సిరలను నొక్కి, రక్తమును పైకి త్రోయును. త్రోసిన రక్తము మరల క్రిందికి జారకుండ సిరలలో చిన్న చిన్న కవాటములు అడ్డుపడును. అందుచేతనే పిక్కలను రెండవ గుండె యనుట వాడుక. దూరప్రయాణములో గంటల తరబడి కాళ్లు వ్రేలాడవేసి కూర్చుండినవారికి పాదములు పొంగుట మన మెరిగినదే. ఆ రెండవ గుండె పని మానుకొనినందున కలుగు ఫలమే అది.

ఇక మన ఇండ్లలో మిక్కిలి దిగులు కలిగించు చక్కెరవ్యాధి సంగతి. భోజనము చేసిన పిమ్మట గ్లూకోజు రక్తములోనికి చేరును. దానిని కండరములలోనికి పంపుటకు ఇన్సులిన్ కావలెను. చక్కెరవ్యాధి ముదురుచున్నవారిలో ఈ ఇన్సులిన్ మాట కండరములు సరిగా వినవు. అయితే పనిచేయుచున్న కండరమునకు ఒక సుగుణము కలదు. అది ఇన్సులిన్ పిలుపునకు వేచియుండక, కొంత గ్లూకోజును తానే లోనికి తీసికొనును. భోజనానంతరము నూరడుగులు నడువవలెనని మన వైద్యశాస్త్రము చెప్పుచు వచ్చిన మాటకు ఇందులో ఒక సమర్థన దొరకుచున్నది.

దీనికి మనకు దగ్గరి నిదర్శనము చెన్నై నగరమున లభించినది. రక్తములో చక్కెర హెచ్చుగా నుండి, వ్యాధి యనదగిన స్థితి ఇంకను రాని 531 మందిని డాక్టరు ఎ. రామచంద్రన్, ఆయన సహచరులు ఎన్నుకొనిరి. వారిలో కొందరికి సాధారణమైన సలహాతో సరిపుచ్చిరి. మరికొందరిచేత ఆహారములో మార్పులు చేయించి, దినమునకు అరగంట నడక మొదలైన శ్రమ చేయించిరి. 2006లో ప్రకటితమైన ఫలితములనుబట్టి, మూడేండ్లలో మొదటి వర్గమున నూటికి 55 మందికి చక్కెరవ్యాధి వచ్చినది. రెండవ వర్గమున నూటికి సుమారు 39 మందికే వచ్చినది. ఈ మేలులో ఆహారమునకును పాలు కలదు. అయినను నూటికి పదునారుగురు ఆ కాలములో వ్యాధినుండి తప్పించుకొనిరనుట సామాన్య విషయము కాదు.

నడచినచో మోకాళ్లు అరిగిపోవునని పలువురు భయపడుదురు. మోకాటి కీలులో ఎముకల కొనలను కప్పియుండు మృదులాస్థికి రక్తనాళములు లేవు. కీలులోని ద్రవమే దానికి ఆహారము. తడి గుడ్డను పిండి వదలినట్లు, అడుగు పడునప్పుడు ఒత్తిడి కలిగి, అడుగు లేచునప్పుడు ఒత్తిడి వీడి, ఆ ద్రవము లోపలికి ప్రవహించును. కనుక మితమైన నడక మోకాటికి శత్రువు కాదు. ఎముకకు సైతము దేహభారమును మోయు పని ఉన్నప్పుడే గట్టిదనము నిలుచును.

దేహమునకు కలుగు మేలు ఇట్టిది. మనస్సు సంగతి ఏమి? మెదడులో హిప్పోకాంపస్ అను చిన్న భాగము కలదు. క్రొత్త సంగతులను జ్ఞప్తియందుంచుకొనుటకు అది ముఖ్యము. వయసు మీరుకొలది అది కృశించుట సహజము. అమెరికాలో 120 మంది వృద్ధులను రెండు వర్గములు చేసి, ఒక వర్గముచేత వారమునకు మూడు దినములు, క్రమముగా పెంచుచు నలువది నిమిషముల వరకు నడిపించిరి. రెండవ వర్గముచేత ఒడలు సాగదీయు తేలిక వ్యాయామములు చేయించిరి. ఏడాది గడచిన పిదప చూడగా, రెండవ వర్గమువారిలో ఆ భాగము కొంత తగ్గినది. నడచినవారిలో నూటికి రెండు వంతులు పెరిగినది. 2011లో ఈ ఫలితము వెలువడినది. పెద్ద వయసున మెదడు తరుగుటయే గాని పెరుగుట లేదనుకొనువారికి ఇది ధైర్యము కలిగించు వార్త.

మనోవ్యథ సంగతియు ఇట్టిదే. జరిగిపోయిన దానినే మరల మరల తలచుకొని కుములుట మనలో అనేకులకు కలదు. 2015లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు కొందరిని చెట్లు, గడ్డి గల చోటను, కొందరిని వాహనములతో క్రిక్కిరిసిన బాట వెంటను గంటన్నర సేపు నడిపించిరి. చెట్ల నడుమ నడచినవారిలో ఈ కుములుబాటు తగ్గినది. మనకు అడవులు అందుబాటులో లేకపోవచ్చును. చెరువు గట్టు, కాలువ గట్టు, గుడి ప్రాకారము, బడి ఆవరణము చాలును.

మరియొక ఉపకారమును పరికరములతో కొలువలేము. తండ్రి కుమారుని ఎదుట కూర్చుండబెట్టుకొని అడిగిన ప్రశ్న విచారణవలె నుండును. ప్రక్కప్రక్కను నడచుచు అడిగిన అదే ప్రశ్నకు జవాబు దానంతట అదియే వచ్చును. చూపులు కలియనక్కరలేదు, నడుమ మౌనమున్నను ఇబ్బంది లేదు. పదవీ విరమణ చేసి ప్రొద్దు గడవనివారికిని, ఆప్తులను పోగొట్టుకొని ఇల్లు కదలనివారికిని సాయంకాలము ఒకరు తోడుగా నడచుట ఎన్నో ఓదార్పు మాటలకంటె మేలు. అయితే దిగులు మితిమీరి, నిద్రాహారములు చెడి, బ్రతుకుపై విరక్తి కలిగినచో నడకతో సరిపెట్టుకొనక వైద్యుని సహాయము పొందవలెను.

ఎంత నడువవలెను? ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో ప్రకటించిన సూచనలనుబట్టి, పెద్దలకు వారమునకు 150 మొదలు 300 నిమిషముల మితమైన శ్రమ కావలెను. అనగా వారమునకు అయిదు దినములు, దినమునకు అరగంట కనీస ప్రమాణము. నడచుచు మాటలాడగలిగి, పాట పాడలేనంత వేగము ఉచితము. దినమునకు పదివేల అడుగులు తప్పవను మాట విని బెదరి మానుకొనువారు కలరు. 1965 ప్రాంతమున జపానులో అమ్మకమునకు వచ్చిన ఒక అడుగుల యంత్రమునకు పదివేల అడుగుల కొలమానమని పేరు పెట్టిరి. ఆ అంకె అక్కడినుండి లోకమున వ్యాపించినది. 2019లో అమెరికాలోని వృద్ధ స్త్రీలను గూర్చి వెలువడిన పరిశీలనలో, దినమునకు 2,700 అడుగులు వేయువారికంటె 4,400 అడుగులు వేయువారిలో మరణములు చాల తక్కువగా కనబడినవి. 7,500 అడుగులు దాటిన పిమ్మట మేలు మరి పెరుగలేదు.

“దినమంతయు వంటయింటికిని పెరటికిని తిరుగుచునే యున్నాము, మాకు వేరే నడక ఎందుకు?” అని ఇల్లాండ్రు అడుగుదురు. ఆ అడుగులును లెక్కకు వచ్చును, వానిని తక్కువ చేయరాదు. అయినను పొయ్యికిని బావికిని మధ్య తిరుగునప్పుడు ఊపిరి వేగపడదు, మనస్సు ఇంటి చింతలను విడువదు. అరగంట సేపు గడప దాటి నడచుట వారి హక్కు అని మేము తలంచుచున్నాము. ఆ వేళకు ఇంటివారు పిల్లలను చూచుకొనుట ధర్మము.

కొన్ని జాగ్రత్తలు అవసరము. వేసవిలో సూర్యోదయమునకు ముందో, ప్రొద్దు క్రుంకిన పిమ్మటనో నడువవలెను. కాలిబాట లేని చోట ఎదురుగా వచ్చు వాహనములు కనబడునట్లు కుడిప్రక్కను నడచుట మేలు. చక్కెరవ్యాధి గలవారు వట్టికాళ్లతో నడువరాదు. స్పర్శ తగ్గిన పాదమునకు గాయమైనను తెలియదు గనుక, ఇంటికి వచ్చి పాదములను పరిశీలించుకొనవలెను. ఇన్సులిన్ తీసికొనువారు జేబులో కొంచెము పంచదార ఉంచుకొనవలెను. ఎదలో నొప్పి, ఆయాసము, తలత్రిప్పు కలిగినచో వెంటనే ఆగి, వైద్యునికి చూపుకొనవలెను.

గాంధీమహాత్ముడు చిన్ననాడు బడిలోని వ్యాయామములను ఇష్టపడలేదు. ఆరుబయట నడచుట మేలని పుస్తకములలో చదివి, ఆ అలవాటు చేసికొనెను. లండనులో చదువుకొను కాలమున బండి ఖర్చు మిగుల్చుకొనుటకు దినమునకు ఎనిమిది పది మైళ్లు నడచెను. ఆ నడకయే తన్ను జబ్బు పడకుండ కాపాడెనని ఆత్మకథలో వ్రాసికొనెను. 1930లో దండికి ఇరువది నాలుగు దినములు నడచిన ఆ అరువది యేండ్ల కాళ్లు బాల్యమునుండి అలవాటుపడినవి.

శ్రోతలలో చాలమంది ఈ వేళ రేడియో ముందు కూర్చుండియే యుందురు. పాటల కార్యక్రమమును వసారాలో అటునిటు నడచుచు వినవచ్చును, రేడియో కోపగింపదు. మీ ఇంట కుర్చీకే పరిమితమైన పెద్దవారుండినచో, రేపటి ఉదయము చేయి పట్టుకొని వారిని గుమ్మము దాటించుడు. మొదటి నాడు పదడుగులే పడవచ్చును, తొందరపెట్టకుడు. మన తొలి అడుగులకు అరిసెలు పంచినవారు వారే.