‘పడదు’ అన్న మాటను వైద్యునికి విడమరచి చెప్పండి

రొయ్యలు పడనివారు కంటి ఆపరేషన్‌కు ముందు వేసే అయోడిన్ మందును వేయించుకోరాదన్న అపోహ ఒకటున్నది. ఇది మన తీరానికే పరిమితమైనది కాదు. అనేక దేశాలలో వైద్య సిబ్బందిలో కొందరు సైతం దీనిని నమ్ముతారు. చేపలు, రొయ్యలే జీవనాధారమైన గోపాలపూర్ తెలుగు కుటుంబాలు దీని నిజానిజాలను తప్పక తెలుసుకోవాలి.

రొయ్య, పీత తిన్నప్పుడు దద్దుర్లు రావడానికి ముఖ్య కారణం వాటి కండరాలలో ఉండే ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తు. అయోడిన్‌కు దానితో సంబంధం లేదు. అయోడిన్ మన దేహానికి అవసరమైన పదార్థం. నిత్యం వాడే ఉప్పులోనూ దానిని కలుపుతున్నారు.

శుక్లాల శస్త్రచికిత్సకు ముందు కంటిలో సాధారణంగా 5 శాతం పోవిడోన్ అయోడిన్ వేసి క్రిములను నశింపజేస్తారు. ఆపరేషన్ తరువాత కంటి లోపల చీము పట్టడం అరుదే, కాని పట్టిందంటే చూపే పోవచ్చు. రొయ్యలు పడవన్న కారణంతో ఈ మందును మానిపించుకొంటే, లేని ప్రమాదానికి వెరచి ఉన్న ప్రమాదాన్ని తెచ్చుకొన్నట్లే. మందు కన్నును మండించే మాట వాస్తవం. అందుకే ముందుగా మత్తు చుక్కలు వేసి, తరువాత కంటిని కడుగుతారు. ఆ మంట అలర్జీ కాదు.

అసలు చిక్కు మన ‘పడదు’ అన్న మాటలోనే ఉన్నది. దద్దుర్లు లేచినా పడదంటాము, కడుపులో త్రిప్పినా పడదంటాము, కన్ను మండినా అదే మాట. నేత్రపటల పరీక్షకు చేతి నరం ద్వారా ఫ్లోరెసిన్ అనే రంగు ఎక్కించినప్పుడు కొందరికి వికారం కలుగుతుంది. చర్మం కొన్ని గంటలు పచ్చబడి, మూత్రం రంగు మారుతుంది. ఇవి అలర్జీ లక్షణాలు కావు. ఆ రంగులో అయోడిన్ కూడా లేదు. కాని ఒళ్ళంతా దద్దుర్లు లేవడం, ముఖం వాయడం, ఊపిరాడకపోవడం వంటివి ఏ మందుతోనైనా గతంలో కలిగి ఉంటే దాచకూడదు. గాయానికి అయోడిన్ పూసినచోట చర్మం పొక్కి ఉన్నా చెప్పాలి. బదులుగా ఏ మందు వాడాలో వైద్యులే నిర్ణయిస్తారు.

కన్ను దురదపెట్టగానే దుకాణంలో స్టెరాయిడ్ చుక్కలు కొనేవారికి ఒక హెచ్చరిక: దురద తగ్గుతుంది గాని, నెలల తరబడి వాడితే కంటిలో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతినవచ్చు.

బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్ళేవారు పాత మందు చీటీలను వెంట తీసుకొనిపోవాలి. ఏ మందు, ఎంతసేపటికి, ఏమైంది అన్న మూడు సంగతులూ చెప్పాలి. ఒడియాలో దురదను ‘కుండేయి హెబా’ అనీ, మంటను ‘పోడిబా’ అనీ, రొయ్యను ‘చింగుడి’ అనీ అంటారు.