ఎయిర్‌బ్యాగ్ ఉంది కదా అని బెల్టు మానేస్తే

అల్లాహ్ దయవల్ల మన జమాత్‌లో ఈ మధ్య కార్లు పెరిగాయి. పార్వతీపురంలో నికాహ్ అన్నా, విజయనగరం బాబామెట్టలో ఉరుసు అన్నా ఒకప్పుడు బస్సు కోసం కురుపాం రోడ్డు వైపు చూస్తూ నిలబడేవాళ్లం. ఇప్పుడు గుమ్మలక్ష్మీపురంలో ఇంటి ముందే బండి ఎక్కుతున్నాం. రంజాన్ కిట్లు కొండ మీది ఊళ్లకు చేరుతున్నదీ దాతల కార్లలోనే. అలా వెళ్లిన ఒక రోజు ఒక పెద్దాయన మనవడిని ఒళ్లో పెట్టుకుని, బెల్టు లేకుండా ముందు సీట్లో కూర్చున్నారు. బెల్టు సంగతి అడిగితే, "ఇందులో ఎయిర్‌బ్యాగులున్నాయి మాస్టర్ సాబ్, ఏమీ కాదు" అన్నారు. ఆ రోజు సరిగా చెప్పలేకపోయాం. ఇప్పుడు చెబుతున్నాం.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు చెట్టును గుద్దితే కారు ఆగుతుంది. లోపలి మనిషి ఆగడు. అదే వేగంతో ముందుకు పోతాడు. మూడంతస్తుల మేడ మీంచి పడితే నేలను ఎంత వేగంతో తాకుతామో అది అంత వేగం. నేల గట్టిదైతే ఎముకలు విరుగుతాయి, గడ్డివాము అయితే బతుకుతాం. వేగం రెండు చోట్లా ఒకటే. ఆగడానికి దొరికిన జాగా, సమయం వేరు. ఎయిర్‌బ్యాగ్ చేసే పని ఆ గడ్డివాము పనే.

ఈ ఆలోచన పుట్టిన తీరు ప్రతి తల్లికీ తండ్రికీ తెలిసినదే. 1952లో అమెరికాలో జాన్ హెట్రిక్ అనే ఇంజనీరు భార్యతో, చిన్న కూతురితో కారులో వెళుతున్నాడు. దారిలో బండరాయి అడ్డం వచ్చింది. బ్రేకు వేస్తూనే భార్యాభర్తలిద్దరూ పాప ముందుకు పడకుండా చెయ్యి అడ్డం పెట్టారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ చెయ్యి చేసిన పనిని మరేదైనా చేయగలదా అన్న ప్రశ్న ఆయనను వదల్లేదు. మరుసటి ఏడాదే పేటెంటు పొందాడు. మన కార్ల దాకా రావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. మన దేశంలో 2019 జూలై 1 నుంచి డ్రైవరు వైపు, 2021 ఏప్రిల్ 1 నుంచి కొత్త మోడళ్లలో పక్క సీటుకు కూడా ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేశారు. అంతకు ముందు తయారైన పాత కార్లలో అసలు ఉండకపోవచ్చు.

లోపల జరిగేది ఇది. కారు వేగం ఉన్నట్టుండి పడిపోతే సెన్సార్ పసిగడుతుంది. చిన్న కంప్యూటరు అది గోతిలో పడ్డ కుదుపా, నిజమైన ఢీయా అని తేల్చుకుని విద్యుత్తు పంపుతుంది. డబ్బాలోని రసాయనం భగ్గున మండి వాయువు పుడుతుంది. మడతపెట్టి దాచిన నైలాన్ సంచి మూత చీల్చుకుని బయటికొచ్చి నిండుతుంది. ఇదంతా సెకనులో ఇరవయ్యో వంతులో, మనం రెప్ప వేసేలోపే. తల ఆనగానే సంచి వెనకనున్న రంధ్రాల నుంచి గాలి పోతుంది. అందుకే అది బంతిలా వెనక్కి తోయదు, మెత్తగా కుంగుతుంది.

ఇక్కడే మన పెద్దాయన పొరపాటు. ఆ సంచి గంటకు 300 కిలోమీటర్ల దాకా వేగంతో దూసుకొస్తుంది. బెల్టు పెట్టుకున్నవాడు, అది పూర్తిగా నిండాక దాని మీద వాలతాడు. బెల్టు లేనివాడు అది ఇంకా విచ్చుకుంటుండగానే ఎదురెళ్లి దెబ్బ తింటాడు. తయారీదారులు దానికి పెట్టిన పేరులోనే అది అదనపు రక్షణ అని ఉంది. అసలు రక్షణ బెల్టే. ఒళ్లో బిడ్డ ఉంటే సంచికీ పెద్దవారి ఛాతీకీ మధ్య నలిగేది ఆ బిడ్డే. అయినా పట్టుకుంటాం అంటారా, ఢీకొన్న క్షణంలో పది కిలోల బిడ్డ సుమారు మూడు వందల కిలోల బరువై చేతుల్లోంచి జారిపోతాడు. పిల్లలు వెనక సీట్లోనే, వయసుకు తగిన సీటులోనో బెల్టుతోనో కూర్చోవాలి. పద్నాలుగేళ్ల లోపు వారికి తగిన సీటో బెల్టో ఉండాలని మోటారు వాహనాల చట్టం కూడా చెబుతోంది. గర్భిణులు కింది పట్టీని పొట్ట మీద కాక, పొట్ట కింద తుంటి మీదుగా పెట్టుకోవాలి.

మన కొండదారుల్లో మరో సంగతి ఉంది. ముందు ఎయిర్‌బ్యాగులు ఎదురు దెబ్బకు తయారైనవి. మలుపులో బండి పల్టీ కొట్టి లోయవైపు దొర్లితే అవి తెరుచుకోకపోవచ్చు. అప్పుడు మనిషిని సీటుకు పట్టి ఉంచేది బెల్టు ఒక్కటే. 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లాలో నటుడు నందమూరి హరికృష్ణ కారు ప్రమాదంలో చనిపోయింది బండిలోంచి బయటికి పడిపోయి. బెల్టు పెట్టుకోలేదని అప్పుడు పత్రికలన్నీ రాశాయి. ఒంటెను కట్టాకే తవక్కుల్ అని ప్రవక్త (స) నేర్పిన సంగతి మక్తబ్ పిల్లలకు కూడా తెలుసు.

ఒక మాట చెప్పడానికి కొంచెం మొహమాటంగా ఉంది. బరకత్ కోసం డాష్‌బోర్డు మీద కాబా నమూనా, ఆయతుల్ కుర్సీ ఫలకం, అత్తరు సీసా అతికిస్తుంటాం. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ మూత సరిగ్గా ఆ కిందే ఉంటుంది. తెరుచుకుంటే అవి మొహం మీదికి రాళ్లలా వస్తాయి. వాటిని అక్కడి నుంచి తీసి భద్రమైన చోట ఉంచడమే వాటికి గౌరవం. పక్క ఎయిర్‌బ్యాగులున్న సీట్లకు బిగుతైన కవర్లు తొడిగితే సంచి బయటికి రాదు. ముందు బిగించే ఇనుప గార్డు దెబ్బను దారి మళ్లించి సెన్సార్‌ను మోసం చేస్తుంది. కేంద్రం 2017 డిసెంబరులోనే వీటి మీద చర్య తీసుకోమంది, మన వీధుల్లో మాత్రం ఇంకా మెరుస్తూనే ఉన్నాయి.

పాత కారు కొనేవారు తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ బొమ్మ లైటు చూడండి. వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల్లో కొన్నిటి రసాయనం వేడికీ తేమకూ చెడి, పేలి ఇనుప ముక్కలు విసిరినందువల్ల ప్రపంచమంతటా కోట్ల బండ్లను వెనక్కి పిలిచారు. వాటిలో మన దేశంలోని హోండా కార్లూ ఉన్నాయి. ఛాసిస్ నంబరు చెబితే షోరూంలో చూసి, వర్తిస్తే ఉచితంగా మారుస్తారు.

లైటు అసలు వెలగకపోతే ఇంకా అనుమానించాలి. మేము బేరమాడిన ఒక పాత కారులో అలాగే జరిగింది. తెలిసిన మెకానిక్‌తో స్టీరింగు మూత విప్పించాం. లోపల సంచి లేదు. ఎప్పుడో ఒకసారి తెరుచుకున్నాక కొత్తది వేయకుండా మూత అతికించి, లైటు తీగ కత్తిరించి అమ్మకానికి పెట్టారు. ఇచ్చిన బయానా వెనక్కి తెచ్చుకోవడానికి మూడు వారాలు పట్టింది.